విశాఖలో ఇళ్లకు భూమి ఎక్కడి నుంచి వస్తుంది?

అర్హులందరికీ ఇళ్ల స్థలాలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించిన రోజున పేపర్లన్నీ రాస్తాయి. ఆ మర్నాటి నుంచి జరిగే పని గురించి మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. కలెక్టరేట్ నుంచి మండలాలకు కబురు వెళ్తుంది: మీ పరిధిలో ఇళ్లకు పనికొచ్చే భూమి ఎంత ఉందో సర్వే నంబర్లతో సహా పంపండి అని. తహసీల్దారు వీఆర్వోలనూ సర్వేయర్లనూ పిలుస్తారు. అడంగళ్లు (ఏ నంబరులో ఎవరు సాగులో ఉన్నారో రాసే రికార్డులు), ఎఫ్‌ఎంబీలు (సర్వే నంబర్ల హద్దుల పటాలు) బయటికి తీస్తారు, వెబ్‌ల్యాండ్ అనే ఆన్‌లైన్ భూరికార్డులో సరిచూస్తారు, వెళ్లి భూమి చూసి వస్తారు. గడువులోగా ఒక జాబితా తయారవుతుంది. జగదాంబ దగ్గర టిఫిన్ బండి నడుపుకునే కుటుంబం వచ్చే ముప్పై ఏళ్లు ఎక్కడ బతకబోతోందో, వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్లబోతున్నారో ఆ జాబితాలోనే సగం తేలిపోతుంది. అందుకే అది ఎలా తయారవుతుందో ఈ ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ముందు ఊరి సంగతి చూద్దాం. తూర్పున సముద్రం. ఉత్తరాన సింహాచలం కొండల వరుస, దాన్ని ఆనుకుని దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం. దక్షిణాన యారాడ కొండ, పోర్టు, నేవీ స్థావరాలు, ఆ పక్కన వేల ఎకరాల స్టీలు ప్లాంటు. మధ్యలో నేవీ చేతిలో ఉన్న ఎయిర్‌పోర్టు, దాని చుట్టూ బిల్డింగుల ఎత్తు మీద ఆంక్షలు. ఇవన్నీ తీసేస్తే విశాఖ పెరగడానికి మిగిలినవి రెండే దారులు: ఒకటి మధురవాడ, ఆనందపురం మీదుగా భీమిలి వైపు, రెండోది పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వైపు. గత నలభై ఏళ్లుగా నగరం పెరిగింది ఈ రెండు దారుల వెంటే. భూముల ధరలు పెరిగిందీ, భూముల గొడవలు ముదిరిందీ ఈ దారుల్లోనే.

ఇంతకీ భూమిని గుర్తించే అధికారం ఎవరిది? నగర కార్పొరేషన్ జీవీఎంసీదే అనుకుంటాం. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీల పనుల జాబితాలో మొదటి వరసలోనే పెట్టింది కూడా. ఆచరణలో అలా లేదు. మాస్టర్ ప్లాన్ వేసేది వీఎంఆర్‌డీఏ అనే ప్రాంతీయ అభివృద్ధి సంస్థ. 1978లో వుడాగా పుట్టి, 2018లో ఈ పేరు మార్చుకున్న సంస్థ ఇది. ప్రభుత్వ భూమి లెక్క రెవెన్యూ శాఖ దగ్గర ఉంటుంది. ఇల్లు కట్టే పని హౌసింగ్ కార్పొరేషన్‌దో, పట్టణాల్లో అపార్టుమెంట్లు కట్టే టిడ్కోదో. లబ్ధిదారుల దరఖాస్తులు తీసుకునేది వార్డు సచివాలయం. అన్నీ అయ్యాక కాలనీకి కొళాయి, కాలువ, చెత్తబండి ఏవని జనం అడిగేది మాత్రం కార్పొరేటర్‌ని. 98 వార్డులున్న జీవీఎంసీ కౌన్సిల్‌కి, ఏ సర్వే నంబరులో కాలనీ రావాలన్న విషయంలో ఆఖరి మాట లేదు. ఎంపిక చేసేవాళ్లూ, తర్వాత దాని బరువు మోసేవాళ్లూ వేరువేరు కావడం వల్ల చాలా చిక్కులు వస్తున్నాయని నా అభిప్రాయం.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ స్థానిక కౌన్సిలే ప్రణాళికా సంస్థ. 'మీ దగ్గర ఇళ్లకు పనికొచ్చే స్థలం ఉంటే చెప్పండి' అని కౌన్సిల్ బహిరంగంగా పిలుపునిస్తుంది. భూ యజమానులు, బిల్డర్లు, సంస్థలు, మామూలు జనం ఎవరైనా స్థలం పేరు ఇవ్వొచ్చు. వచ్చిన ప్రతి స్థలాన్నీ మూడు ప్రశ్నలతో జల్లెడ పడతారు. ఇది ఇళ్లకు తగినదేనా? నిజంగా అందుబాటులో ఉందా, యజమాని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడా? అక్కడ ఇళ్లు కట్టడం ఆచరణలో, ఖర్చులో సాధ్యమేనా? ఒకసారి వాడి వదిలేసిన స్థలాలకైతే, అంటే మూతపడ్డ ఫ్యాక్టరీలు, పాత గోడౌన్లు వంటివాటికి, 2017 నుంచి ప్రతి కౌన్సిల్ ఒక రిజిస్టరు పెట్టి, ప్రజలకు చూపించి, ఏడాదికోసారైనా సరిచూడాలి. ఐదు ఇళ్లు పట్టే స్థలమైనా అందులోకి వస్తుంది. ఆ దేశంలో ఇళ్ల కొరత తీరిపోయిందని నేననడం లేదు. కానీ ఆ మూడు ప్రశ్నలూ విశాఖకి సరిగ్గా సరిపోతాయి. ఇక్కడ వాటిని ఏ వరసలో అడుగుతున్నామన్న దగ్గరే తేడా వస్తోంది.

మన దగ్గర మొదట అడిగేది రెండో ప్రశ్న: దొరుకుతుందా? దానికి జవాబు రికార్డుల్లో వెతుకుతారు. జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితే కొనాలి, లేదా 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకోవాలి. ఆ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మార్కెట్ విలువ మీద నూరు శాతం అదనం, పునరావాసం అన్నీ ఉంటాయి. ఖర్చు, కాలం రెండూ ఎక్కువే. కాబట్టి అధికారుల కళ్లు సహజంగానే ప్రభుత్వ భూమి అని రాసి ఉన్న నంబర్ల మీద పడతాయి: బంజరు, గయాళు, పోరంబోకు, డి-పట్టా (పేదలకు సాగుకిచ్చినది).

రికార్డులో ఒక గడిని దగ్గరగా చూస్తే ఇందులో ఉన్న తిరకాసు అర్థమవుతుంది. బ్రిటిష్ కాలంలో సర్వే చేసి రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో ప్రతి సర్వే నంబరుకీ ఒక వరస ఉంటుంది. విస్తీర్ణం, నేల తరగతి, శిస్తు, చివర పట్టాదారు పేరు. పేరు తేలని చోట అప్పటి గుమాస్తా చుక్కలు పెట్టాడు. సాగు చేస్తున్న మనిషి ఆ రోజు సర్వేకి రాకపోయి ఉండొచ్చు, శిస్తు కట్టడం ఇష్టం లేక పేరు చెప్పకపోయి ఉండొచ్చు. ఆ చుక్కలున్న నేలను తర్వాత మూడు నాలుగు తరాలు దున్నుకున్నాయి, అమ్ముకున్నాయి, పంచుకున్నాయి. రికార్డుకి మాత్రం అక్కడ యజమాని లేడు. చుక్కల భూములని పిలిచే ఇవన్నీ నిషేధిత జాబితాలోకి, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కిందికి వెళ్లి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. వీటిని సరిచేయడానికే రాష్ట్రం 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్ల కింద ఉన్న గ్రామాల కథ మరో రకం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగి, ఏ నంబరు ఏ రకం భూమో, ఎవరిదో రాసిన సెటిల్‌మెంట్ ఫేర్ అడంగల్ తయారైంది. మన జిల్లాలో భూమి తగాదా ఏదైనా చివరికి 'ఫేర్ అడంగల్‌లో ఏముంది' అన్న మాట దగ్గరికి చేరడం అందుకే.

ఇక సింహాచలం దేవస్థానానికి చెందిన పంచగ్రామాలు: అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. రికార్డు ప్రకారం దేవుడి భూమి, కళ్లముందు చూస్తే వేల ఇళ్లు. ఇంట్లో ఉన్నవాళ్లు రిపేరు చేసుకోవాలన్నా టెన్షనే. ఇవన్నీ నగరం మధ్యలో ఉన్నట్టే ఉంటాయి, కానీ కొత్త ఇళ్లకు అందవు. మధురవాడ, కొమ్మాది ప్రాంతాల్లో రికార్డుల తారుమారు మీద వచ్చిన ఆరోపణలతో 2017లో ఒక సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు, 2019లో మళ్లీ ఇంకొకటి వేశారు. రికార్డు మీద ఇన్ని అనుమానాలున్న ఊళ్లో, రికార్డు మాత్రమే చూసి భూమి అందుబాటులో ఉందని రాసేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

డి-పట్టా సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, విశాఖ చుట్టూ ఇళ్ల స్థలాల కథంతా దీని చుట్టూనే తిరుగుతోంది కనుక. భూమి లేని పేదలకు ప్రభుత్వం సాగుకిచ్చినదే డి-పట్టా భూమి, అసైన్డ్ భూమి అన్నా అదే. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు. 2023లో చేసిన సవరణతో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు యాజమాన్య హక్కు ఇచ్చే దారి తెరిచారు. ప్రజా ప్రయోజనానికి అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చన్న షరతు పట్టాలోనే ఉంటుంది. ఒకప్పుడు ఆ షరతు చూపించి ఏదో కొంత చేతిలో పెట్టి పంపేసేవారు. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకి కూడా మిగతా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని తేల్చింది.

2020 జనవరిలో ప్రభుత్వం విశాఖలో పేదల ఇళ్ల కోసం 10 మండలాల్లో 6,116 ఎకరాల పైచిలుకు భూమి సమీకరించాలని జీవో 72 ఇచ్చింది. ఆ జాబితాలో ఎక్కువ భాగం రాళ్లూ ముళ్లూ ఉన్న బీడు కాదు. జీడి తోటలు, సరుగుడు తోటలు, మామిడి, అక్కడక్కడా మెట్ట పంటలు. డబ్బు బదులు అభివృద్ధి చేసిన స్థలంలో వాటా ఇస్తామన్నారు: ఎకరానికి డి-పట్టాదారుకి 900 గజాలు, పదేళ్లకు పైబడి ఆక్రమణలో సాగు చేసుకుంటున్నవారికి 450, ఐదు నుంచి పదేళ్ల లోపు వారికి 250.

ఈ లెక్క కాగితం మీద వేసి చూడండి. ఎకరం అంటే 4,840 గజాలు, వంద సెంట్లు. రోడ్లకీ, పార్కుకీ, అంగన్‌వాడీ లాంటి ఉమ్మడి అవసరాలకీ 40 సెంట్లు పోయాయనుకుందాం. మిగిలేది 60. డి-పట్టా రైతుకిచ్చే 900 గజాలు దాదాపు 18.6 సెంట్లు. ఇక 41 సెంట్లు మిగులుతాయి. పట్టణంలో సెంటు చొప్పున ఇచ్చారు కనుక, గట్టిగా వేస్తే 41 కుటుంబాలు. లేఅవుట్ ఖర్చు రాబట్టుకోవడానికి అభివృద్ధి సంస్థ కొంత ఉంచుకుంటే ఇంకా తగ్గుతుంది. అటువైపు రైతు లెక్క చూడండి. జీడి పిక్కలు అమ్ముకుని ఏటా నాలుగు రాళ్లు కళ్లజూసే కుటుంబానికి చేతికొచ్చేది 900 గజాల ప్లాటు. నగరం అటు పెరిగితే దాని విలువ తోట మీద వచ్చే ఆదాయానికి ఎన్నో రెట్లు. పెరగకపోతే, లేదా లేఅవుట్ పని సగంలో ఆగిపోతే, తోటా లేదు, ప్లాటూ లేదు. ఆ మధ్య కాలంలో ఇంటిల్లిపాదీ ఏం తిని బతకాలి? ఇక 450, 250 గజాల వరసలో ఉన్నవాళ్ల పరిస్థితి మరీ సున్నితం. వాళ్లు ఎన్నేళ్లుగా సాగులో ఉన్నారన్నది వీఆర్వో రాసే రాతే. బి-మెమో కాగితం, అంటే ప్రభుత్వ భూమిలో సాగులో ఉన్నట్టు రెవెన్యూ ఇచ్చే నోటీసు ఉన్నవాడు నిలబడతాడు, లేనివాడు పోతాడు.

సమీకరణ మీద కేసులు పడ్డాయి, పని కోర్టులో రెండేళ్లు నలిగింది. చివరికి 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో అప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా పట్టాల పంపిణీ మొదలైంది. లక్షకు పైగా నగర కుటుంబాలకు స్థలాలు ఈ సమీకరణ భూముల నుంచే. స్థలం సెంటు, అంటే 48.4 గజాలు. అందులో కట్టుకునే ఇల్లు 340 చదరపు అడుగులు. నగరం నడిబొడ్డు నుంచి ఆ లేఅవుట్ పాతిక, ముప్పై కిలోమీటర్లు. అదే నెల 4న జిల్లాలు విడిపోయాయి కనుక సబ్బవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. విశాఖలో ఓటు, విశాఖలో కూలి, ఇల్లు మాత్రం పక్క జిల్లాలో.

ఇక్కడే మొదటి ప్రశ్న, అంటే తగినదేనా అన్నది ముందుకొస్తుంది. తగిన భూమి అనగానే మన అధికారులు చదునుగా ఉందా, కోర్టు కేసు ఉందా అని చూస్తారు. అవి అవసరమే. కానీ నగరంలో తెల్లవారుజామున నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషికి రానూపోనూ రెండు బస్సులు మారాల్సివస్తే, ఆ స్థలం ఆమెకి తగినది కాదు. ఆమె పట్టా తీసుకుంటుంది, ఎందుకు తీసుకోదు, జీవితంలో మొదటిసారి తన పేరు మీద ఆస్తి వచ్చింది. కాపురం మాత్రం కొండవాలు మీద అద్దె గదిలోనే కొనసాగిస్తుంది. పని దొరికే చోటుకి ఎంత దూరం అన్నది భూమి ఎంపికలో ఒక గడిగా ఉండాలి, దానికి గట్టి మార్కులుండాలి. ఇది లేనంతకాలం మిగతా అన్నీ సరిగ్గా చేసినా ఇళ్లు ఖాళీగానే కనిపిస్తాయి.

తగినదా కాదా అన్న ప్రశ్నలో ప్రకృతి కూడా ఉంది. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే అందరికీ తెలుసు. కొండల మీద కురిసిన వాన సముద్రానికో, మేఘాద్రి గెడ్డ లాంటి జలాశయానికో వెళ్లే దారి. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది కాబట్టి లేఅవుట్ గీసేవాడికి అది వాడని స్థలంలా కనబడుతుంది. భవన నియమాలైతే స్పష్టంగానే ఉన్నాయి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకీ కాలువకీ అంచు నుంచి 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు. ఆ గీత ఎక్కడో నేల మీద రాయి పాతి ఉండకపోతే నియమం ఉండీ ఉపయోగం లేదు. సముద్రం వైపు తీర నియంత్రణ మండలి నిబంధనలుంటాయి: పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వాటి పరిధే. నగరంలో ఇప్పటికే కట్టేసిన ప్రాంతాల్లో పాత రోడ్డుకి లోపలివైపు కట్టుకోవచ్చు. భీమిలి దారిలో ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి జనసాంద్రతను బట్టి 50 మీటర్లో, 200 మీటర్లో ఏమీ కట్టకూడని మేర. ఎర్రమట్టి దిబ్బల వంటి చోట చట్టం ఏం చెప్పినా చెప్పకపోయినా ముట్టుకోకూడదని నేనంటాను. వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఆ దిబ్బని ఒకసారి చదును చేస్తే మళ్లీ ఎవరూ కట్టలేరు.

పరిశ్రమ పక్కన ఇళ్లుండొచ్చా అన్న ప్రశ్నకి విశాఖ చాలా ఖరీదైన జవాబు చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై కనీసం 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1960ల్లో వచ్చినప్పుడు అది ఊరి బయట. తర్వాత ఊరే దాని గోడ దాకా వచ్చింది. అలా రానిచ్చింది ఎవరు? ఏ ఒక్కరూ కాదు. ఒక్కొక్క ప్లాటూ ఒక్కొక్క అనుమతితోనో, అనుమతి లేకుండానో చేరింది. మొత్తం మీద చుట్టూ ఎంత మేర ఖాళీ ఉంచాలో చూసే బాధ్యత ఎవరి మీదా గట్టిగా పెట్టలేదు. పరవాడ, గాజువాక, పెదగంట్యాడ వైపు ఇళ్ల స్థలాల జాబితా వేసే ప్రతిసారీ ఈ సంగతి బల్ల మీద ఉండాలి.

మూడో ప్రశ్న, కట్టడం సాధ్యమా అన్నది, ఎక్కువగా డబ్బుకి సంబంధించింది. పట్టా ఇవ్వడానికి పెద్ద ఖర్చు లేదు. రోడ్డు, కరెంటు లైను, తాగునీటి పైపు, మురుగు కాలువ వేయడానికే కోట్లు. ఊరికి ఎంత దూరం వెళ్తే ఆ ఖర్చు అంత పెరుగుతుంది. చవక భూమి ఏరుకుని ఆదా చేసిన సొమ్ము పైపుల్లో పోతుంది. ఈ రెండు ఖర్చులూ వేర్వేరు శాఖల పద్దుల్లో ఉంటాయి కనుక ఎవరూ కలిపి చూడరు.

పేదల కాలనీల గురించే చెప్పాను గానీ, నగరంలో ఇళ్ల భూమిలో పెద్ద వాటా ప్రైవేటు లేఅవుట్లదే. అక్కడ భూమిని గుర్తించేది రియల్టరు. మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ అని రంగు పడితే సరే, లేకపోతే భూ వినియోగం మార్పు కోసం దరఖాస్తు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకి రాసివ్వాలి. అనుమతి లేనివాటిని తర్వాత క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వాలు ఎల్‌ఆర్‌ఎస్‌లు తెస్తూనే ఉన్నాయి. 2021 నవంబరులో ఆమోదం పొందిన 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు వెల్లువెత్తడానికి కారణం ఈ రంగులూ, వాటి మధ్యలోంచి వెళ్లే ప్రతిపాదిత రోడ్లూ. తన పొలం మీద గీత పడిందని రైతుకి తెలిసేసరికి గడువు ముగింపుకొచ్చేస్తుంది.

ఇప్పుడు లెక్క ఇంకా బిగుసుకుంటోంది. 2025లో వచ్చిన కొత్త విధానం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. కుటుంబానికి రెండు సెంట్లు న్యాయమైన కోరికే. సెంటు స్థలంలో పిల్లలు పెద్దయ్యాక తిరగడానికి కూడా చోటుండదు. కానీ పైన వేసిన ఎకరం లెక్కనే మళ్లీ వేయండి: 41 కుటుంబాలకు బదులు ఇరవై. నగరానికి దగ్గరలో అంత భూమి లేదు. కాబట్టి జాబితా ఇంకా దూరం వెళ్తుంది, లేదా పైకి కట్టాలి. టిడ్కో జీ ప్లస్ త్రీ ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టింది. అవి ఆలస్యమై జనం విసిగిపోయారన్నది నిజం. అయినా అదే ఎకరంలో ఎన్నో రెట్లు ఎక్కువ కుటుంబాలు పడతాయి, అదీ బస్సు దొరికే చోట.

నగరం లోపల స్థలాలు లేవా అంటే ఉన్నాయి. వాడకంలో లేని ప్రభుత్వ క్వార్టర్లు, మూతపడ్డ యూనిట్లు, రోడ్డు మలుపుల్లో మిగిలిపోయిన ముక్కలు, లేఅవుట్లలో రాసిచ్చి ఎవరూ పట్టించుకోని సామాజిక స్థలాలు. కేంద్ర సంస్థల చేతిలో ఉన్నవాటిని కార్పొరేషన్ తీసుకోలేదు. కానీ వాటి లెక్కయినా అడగొచ్చు. జీవీఎంసీ వార్డుకొక రిజిస్టరు పెట్టి, స్థలం, సర్వే నంబరు, ఎవరి చేతిలో ఉంది, ఏ అడ్డంకి ఉంది అన్న నాలుగు గళ్లతో తెలుగులో సచివాలయం గోడ మీద అంటించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అప్పటిదాకా, మీ మండలంలో ఇళ్ల స్థలాల జాబితా వచ్చిందని విన్న రోజున తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబర్లు అడిగి రాసుకోండి. అడంగల్ తీయించి అందులో ఎవరు సాగులో ఉన్నారో చూడండి. ఎఫ్‌ఎంబీలో గెడ్డ గీత ఉందేమో చూడండి. వానాకాలంలో ఒకసారి అక్కడికి వెళ్లి రండి, పనికి పోయే వేళకి అక్కడి నుంచి బస్సెక్కి చూడండి. అభ్యంతరమేదైనా ఉంటే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కోర్టు దాకా వెళ్లినా, కౌన్సిల్‌లో మాట్లాడించినా, చేతిలో ఉండాల్సింది ఆ రసీదే.